సదస్సుకు వచ్చే అతిథులకు నెల్లూరులో ఏం పెట్టాలి, ఏం చూపించాలి?

ప్రశ్న: నెల్లూరులో ఒక డిగ్రీ కళాశాలలో అధ్యాపకురాలిని. డిసెంబర్ రెండో వారంలో శుక్ర, శనివారాలు మా దగ్గర జాతీయ సదస్సు జరుగుతుంది. బయటి ఊళ్ల నుంచి 60 మంది దాకా వస్తున్నారు. ఢిల్లీ, పుణె, కోల్‌కతా, కేరళ వాళ్లున్నారు. ఇద్దరు విదేశీయులు, ఒక జైన దంపతులు కూడా ఉన్నారు. శుక్రవారం రాత్రి విందు, శనివారం సాయంత్రం ఊరు చూపించడం, ఆదివారం ఉండిపోయేవాళ్లకు ఒక ట్రిప్పు, ఈ మూడూ నాకే అప్పగించారు. ఒకరు శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రం షార్ చూపించాలంటారు, ఇంకొకరు ఉదయగిరి కోట అంటారు, మరొకరు పెంచలకోన నరసింహస్వామి గుడి అంటారు. నెల్లూరు వచ్చినవాళ్లకు చేపల పులుసు పెట్టకుండా పంపుతామా అని అందరూ అంటున్నారు. చేతిలో డబ్బు తక్కువ. ఎలా చేయమంటారు?

సమాధానం: మీ వాళ్లు చెప్పిన మూడు చోట్లనూ ముందు పక్కన పెట్టండి మేడమ్. అవి మంచివి కాక కాదు, మీ అతిథులకు ఇప్పుడు కావలసింది అవి కావు. పొద్దుటి నుంచి పావుగంటకో పత్రం వింటారు. అడగాలనుకున్న ప్రశ్న అడిగేలోపే అధ్యక్షులవారు గంట కొట్టేస్తారు. ఆ ప్రశ్న పట్టుకుని ఎవరితోనైనా తీరిగ్గా మాట్లాడాలని ఉంటుంది. ఆ తీరిక రాత్రి భోజనం దగ్గర, సాయంత్రం నడకలో తప్ప ఇంకెక్కడా దొరకదు. రానూపోనూ ఐదు గంటలు బస్సులో కూర్చోబెడితే పక్క సీటు మనిషితో తప్ప ఎవరితోనూ మాట కలవదు. కాబట్టి దగ్గరి చోట్లు, తక్కువ చోట్లు పెట్టుకోండి. ఉన్న చోట ఎక్కువసేపు ఉండనివ్వండి. డబ్బు కూడా దీనివల్లే కలిసొస్తుంది.

మొదట చేయాల్సిన పని వంటవాడితో మాట్లాడటం కాదు, పేర్లు నమోదు చేసుకునే ఫారంలో కొన్ని ప్రశ్నలు చేర్చడం. శాకాహారమా, మాంసాహారమా, గుడ్డు తింటారా? ఉల్లి, వెల్లుల్లి మానేశారా? రొయ్యలు, పీతలు, వేరుశనగ, జీడిపప్పు లాంటివి ఏవైనా పడవా? హలాల్ మాంసమే కావాలా? మెట్లు ఎక్కడం, ఎక్కువ దూరం నడవడం కష్టమా? ఆదివారం ఉంటారా, ఏ రైలుకు లేదా ఏ విమానానికి వెళ్తారు? ఇవి సదస్సుకు 10 రోజుల ముందే మీ చేతికి రావాలి. ఆదివారం ట్రిప్పుకు మాత్రం ఊరికే పేరు రాయించుకోకండి, కొంత డబ్బు ముందే కట్టించుకోండి. ఉచితమంటే 40 మంది పేరిస్తారు, తెల్లారేసరికి బస్సు దగ్గర 15 మంది ఉంటారు. రెండు మూడు వందలు కట్టినవాళ్లు లేచి వస్తారు.

ఇక శుక్రవారం విందు. ఆ రోజు ఎవరినీ ఎక్కడికీ తిప్పకండి. చాలామంది రాత్రి రైలు దిగి స్నానం చేసి నేరుగా ప్రారంభ సభలో కూర్చుని ఉంటారు. 5:30కు టీ, తర్వాత గంటన్నర విశ్రాంతి, 7:30కు భోజనం, అంతే. శాలువాలు, జ్ఞాపికలు, వందన సమర్పణ అన్నీ సాయంత్రం సభలోనే ముగించేయండి. విందు దగ్గర మైకు పెడితే సన్మానాలు 9 దాకా సాగుతాయి. ఈలోగా వేపుళ్లు మెత్తబడతాయి, అతిథులు ఆకలితో నీరసించిపోతారు.

కూర్చోబెట్టే తీరు గురించి కాస్త ఆలోచించండి. అరిటాకు వేసి బంతి భోజనం పెడితే చూడముచ్చటగా ఉంటుంది, బయటివాళ్లు ఫొటోలు తీసుకుంటారు. కానీ బంతిలో అందరూ ఒకవైపుకే తిరిగి కూర్చుంటారు, వడ్డించేవాళ్లు వెంటవెంటనే వస్తుంటారు, అరగంటలో అందరూ కలిసి లేవాలి. మాటలకు చోటుండదు. బంతి భోజనాన్ని శనివారం మధ్యాహ్నానికి పెట్టుకోండి. అప్పుడు ఎలాగూ సమయం తక్కువ. శుక్రవారం రాత్రికి 8 మంది కూర్చునే గుండ్రటి బల్లలు వేయించండి. 60 మంది అతిథులు, మీవాళ్లు 20 మంది కలిపి 10 బల్లలవుతాయి. ఒక్కో బల్లకు మీ అధ్యాపకులు ఇద్దరు ఉండాలి. మీవాళ్లంతా ఒకే బల్ల దగ్గర చేరి కాలేజీ కబుర్లు చెప్పుకోవడం ప్రతి సదస్సులోనూ జరిగేదే. అలా జరగకుండా ఎవరు ఏ బల్ల దగ్గరో ముందే పేరు రాసి పెట్టండి. ఏ గిన్నెలో ఏముంది, ఏది కారం, ఏది అన్నంలో కలుపుకోవాలి, ఏది నంజుకోవాలి అని చెప్పడం ఆ ఇద్దరి పని. పప్పుల పొడిని కూరలాగా చెంచాతో నోట్లో వేసుకుని ఉక్కిరిబిక్కిరయ్యే అతిథి ప్రతి విందులోనూ ఒకరు ఉంటారు.

చేపల పులుసు పెట్టండి, తప్పకుండా పెట్టండి. అయితే ఏ చేప అన్నది మీరే నిర్ణయించాలి, వంటవాడికి వదలకండి. వదిలితే బొచ్చె గానీ శీలావతి గానీ తెస్తాడు. రుచికి వంక పెట్టలేం, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కానీ ఆ జాతి చేపల కండలో సన్నటి ముళ్లు రెండుగా చీలి అడ్డదిడ్డంగా ఉంటాయి. మనవాళ్లు, కోల్‌కతా వాళ్లు వాటిని నాలుకతోనే ఏరేస్తారు. చేప అలవాటు లేని ఢిల్లీ ఆయనకు మొదటి ముద్దలోనే గొంతులో గుచ్చుకుంటుంది. అతిథులకు కొరమీను లేదా వంజరం తెప్పించండి. రెండింటికీ నడిముల్లు తప్ప సన్నముళ్లు చాలా తక్కువ. కొరమీను ప్రాణంతో ఉన్నదాన్ని కొని కోయించవచ్చు. వంజరమైతే పట్టిన దగ్గర నుంచి ఐసులోనే ఉండాలి. ఎండలో కాసేపు వదిలేస్తే ఆ జాతి చేపలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంతసేపు ఉడికించినా అది పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. తీసుకునేటప్పుడు మీవాళ్లలో చేప తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి, కళ్లు మెరుస్తూ ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు.

లెక్క ఇలా వేసుకోండి. 80 మందిలో మాంసాహారులు 45 మంది అనుకుందాం. మనిషికి రెండు ముక్కలు, అంటే శుభ్రం చేసిన చేప 150 గ్రాములు. మొత్తం 7 కిలోలకు కాస్త తక్కువ. తల, పొట్ట, తోక తీసేస్తే బరువులో మూడో వంతు దాకా పోతుంది కాబట్టి కొనేది 10 కిలోలు. ముక్క మరీ సన్నగా కొట్టించకండి, చిరుగుతుంది. వేలెడు మందం ఉండాలి.

ఇంట్లో వండుకునే పులుసుకూ, ఈ పులుసుకూ తేడా కారం దగ్గర వస్తుంది. అతిథుల కోసం కారం సగం చేయమంటే వంటవాడు కారం ఒక్కటే తగ్గించి చింతపండు అలాగే ఉంచుతాడు. అప్పుడు పులుపు పళ్లు జివ్వుమనిపిస్తుంది. కిలో చేపకు మామూలుగా 70, 80 గ్రాముల చింతపండు వేసేవాళ్లు, కారం సగం చేస్తే చింతపండును 50 గ్రాములకు దించి, ఆ లోటుకు బాగా మగ్గిన టమాటా వేయాలి. డిసెంబర్‌లో మామిడికాయ కోసం వెతకొద్దు. వేసవి కాయ తగిలినప్పటి రుచి ఈ రోజుల్లో దొరికే కాయకు రాదు. అది లేని పులుసు కూడా మంచి పులుసే. పులుసు ముందు 20 నిమిషాలు బాగా మరిగి నూనె పైకి తేలాక ముక్కలు వేయాలి. వేశాక 8 నుంచి 10 నిమిషాలు చాలు. గరిటె పెట్టకూడదు, గిన్నెను గుడ్డతో పట్టుకుని తిప్పాలి. 10 కిలోల చేప ఒకే గిన్నెలో వేస్తే ఎవరూ తిప్పలేరు. కాబట్టి మూడు వెడల్పాటి గిన్నెల్లో వండమనండి.

నిన్నటి పులుసే రుచి అని మనందరికీ తెలుసు. ఇంట్లో నలుగురి కోసం అది సరే. 80 మంది విందులో ముందు రోజు వండింది వద్దు, మధ్యాహ్నం వండి సాయంత్రం దాకా పొయ్యి పక్కన ఉంచింది కూడా వద్దు. సాయంత్రం 5 తర్వాత వండి, వేడి తగ్గకుండా మూతపెట్టి 7:30కు తేవాలి. రుచి పట్టడానికి ఆ రెండు గంటలు సరిపోతాయి. ఇంకో మాట, పులుసు గిన్నె దగ్గర వడ్డించే మనిషి ఒకరు ఉండాల్సిందే. ఎవరికి వాళ్లు వేసుకుంటే ముందొచ్చిన 20 మంది నాలుగేసి ముక్కలు తీసుకుంటారు, మిగతావాళ్లకు పులుసూ, చిరిగిన చేపా మిగులుతాయి.

శాకాహారులకు ఆ రుచి దక్కకుండా చేయకండి. అదే మసాలా, అదే చింతపండుతో ములక్కాడ, వంకాయ వేసి మరో పులుసు వేరే పొయ్యి మీద, వేరే గరిటెతో చేయించండి. అది రెండో బల్ల మీద ఉండాలి. రెండు పులుసులూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి పక్కపక్కన పెడితే గరిటెలు మారిపోతాయి. పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఎదురుగా నిలబెట్టండి. మిగతా వంటకాలు ఎక్కువ పెట్టకండి. ముద్దపప్పు, నెయ్యి, ఒక వేపుడు, గోంగూర పచ్చడి, చారు, పెరుగు చాలు. ఉత్తరాది వాళ్లకు పుల్కాలు మనిషికి మూడు చొప్పున, ఎప్పటికప్పుడు కాల్చి తేవాలి. వాటితోపాటు కారం లేని పప్పు ఒకటి ఉండాలి. పెరుగు మాత్రం లెక్క చూడకుండా చెప్పండి. కారం తగిలిన ప్రతివాళ్లూ నీళ్ల కోసం పరిగెత్తుతారు, నీళ్లతో మంట తగ్గదు, పెరుగుతోనే తగ్గుతుంది. తీపికి మలై కాజా పెట్టండి. ఇది పాలతో చేసేది, పాకంతో ఉండేది కాబట్టి ఆ రాత్రికి బాగుంటుంది. ఊళ్లకు కట్టివ్వడానికి పనికిరాదు.

జైన దంపతుల సంగతి వేరుగా చూడాలి. ఉల్లి, వెల్లుల్లి ఒక్కటే కాదు, నేలలో పెరిగే దుంపలేవీ తినరు. బంగాళదుంప, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, పచ్చి అల్లం, అన్నీ లెక్కే. అంతకంటే ముఖ్యం, నిష్ఠగా ఉండేవాళ్లు పొద్దు గుంకాక భోజనం చేయరు. డిసెంబర్ మధ్యలో మనకు 5:40 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. మీరు 7:30కు ఎంత శ్రద్ధగా వేరే వంట చేయించినా వాళ్లకు అక్కరకు రాదు. ముందే ఫోన్ చేసి అడగండి. అవునంటే 5 గంటలకు వాళ్ల భోజనం గదికి పంపండి, ఎవరో ఒకరు దగ్గర కూర్చోండి. రాత్రి విందుకు వాళ్లు మాటల కోసం వచ్చి కూర్చుంటారు. అప్పుడు ప్లేటు తెచ్చి బలవంతపెట్టవద్దని మీవాళ్లకు చెప్పి ఉంచండి.

కేటరింగ్ అతనితో గ్యారంటీ ప్లేట్లు ఎన్నో తేల్చుకోండి. 80కి 70 ప్లేట్లు గ్యారంటీ ఇచ్చి, పైన వచ్చేవాటికి ప్లేటుకింత అని రాయించుకోవడం మేలు. అందరూ మర్చిపోయే లెక్క ఒకటుంది. బస్సు డ్రైవర్లు, పని చేసే విద్యార్థులు, గేటు దగ్గర వాచ్‌మన్. వీళ్లు 15 మంది దాకా అవుతారు. వీళ్లను లెక్కలో చేర్చి, అతిథుల కంటే ముందే కూర్చోబెట్టి పెట్టండి. పొద్దుటి నుంచి తిరిగిన పిల్లలు రాత్రి 10 గంటలకు ఖాళీ గిన్నెలు చూడటం చాలా అన్యాయం. గ్రాంటు డబ్బుతో ఖర్చు పెడుతుంటే మంజూరు పత్రంలో భోజనాలకు ఏ పద్దు కింద ఎంత ఉందో విందు ముందే చూసుకోండి, బిల్లు ఆ పేరుతోనే తీసుకోండి. మందు సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. కళాశాల విందులో ఉండదని మొదటే మర్యాదగా చెప్పేస్తే సరి.

శనివారం ఉదయం టిఫిన్‌కు కారం దోసె పెట్టించండి. ఎర్రకారం దోసె మీద పూసి ఇవ్వకుండా పక్కన చిన్న గిన్నెలో ఇవ్వమనండి. కావలసినవాళ్లు పూసుకుంటారు.

ఆ సాయంత్రం రంగనాయకులపేటకు తీసుకెళ్లండి. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి, దాని గాలిగోపురం, వెనకాల ఏరు. కాలేజీ నుంచి 4:15కు బయలుదేరాలి. 5 గంటలకు బయలుదేరితే చేరేసరికి చీకటి పడుతుంది, పెన్న కనిపించదు. పెద్ద బస్సును గుడి దాకా తీసుకెళ్లాలని చూడకండి, పాతూరి వీధుల్లో తిరగడం కష్టం. కాస్త దూరంలో ఆపి నడిపించండి. నడవలేని పెద్దవాళ్లకు రెండు ఆటోలు మాట్లాడి ఉంచండి. మన ఆటోలకు మీటరు ఉండదు కాబట్టి ధర ముందే తేల్చుకోవాలి. హిందువులు కాని అతిథులు లోపలికి ఎక్కడి దాకా రావచ్చో ఒకరోజు ముందు గుడి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. గుమ్మం దగ్గర మనిషిని ఆపితే ఆ అవమానం జీవితాంతం ఉంటుంది. బయట ఏటి ఒడ్డున నిలబడినా చూడదగ్గదంతా కనిపిస్తుంది. చెప్పులు బస్సులోనే వదిలేయమనండి.

అక్కడ చెప్పాల్సిన మాట తిక్కన గురించి. మీ తెలుగు శాఖ వాళ్లొకరు ఐదు నిమిషాలు ఇంగ్లీషులో చెబితే చాలు. మహాభారతాన్ని తెలుగు చేసింది ముగ్గురని, 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు ఒక్కడే రాశాడని, మధ్యలో మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని పూర్తి చేసిన ఎర్రన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడని చెప్పండి. ఇది విన్న బయటి పండితులు ఏటి ఒడ్డునే ప్రశ్నలు మొదలుపెడతారు. అడగనివ్వండి, తొందరపెట్టి బస్సెక్కించకండి.

తిరుగు దారిలో చీరలు కొనాలనేవాళ్లను చిన్నబజారులో దింపండి. వెంకటగిరి చేనేత అడగాలని చెప్పి, తెలిసిన మనిషిని వెంట పంపండి. ఆ రాత్రి భోజనం మీరు పెట్టకండి. ఐదారుగురు చొప్పున గుంపులుగా వదిలేసి, గుంపుకొక స్థానిక అధ్యాపకుణ్ణో పరిశోధక విద్యార్థినో ఇవ్వండి. శనివారం రాత్రి ఊళ్లో హోటళ్లు 8 దాటాక కిటకిటలాడతాయి. 7:15కల్లా వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. 12 మంది ఒక్కసారిగా వెళ్తే దొరకదు. ఎవరి డబ్బు వాళ్లే ఇస్తారన్న మాట ఆర్డరు చెప్పకముందే అనుకోవాలి. బిల్లు వచ్చాక అనుకుంటే మీ విద్యార్థి మొహమాటానికి తన జేబులోంచి తీస్తాడు. విదేశీ అతిథుల ఫోన్లలో మన యూపీఐ ఉండకపోవచ్చు, వాళ్ల దగ్గర కాస్త నోట్లు ఉండేలా చూడండి. ఆడవాళ్లు ఏ గుంపులో ఉన్నా బస దాకా దింపి, వాట్సాప్‌లో చేరామన్న కబురు వచ్చేదాకా ఆ గుంపు మనిషి ఇంటికి వెళ్లకూడదు.

డిసెంబర్ అంటే మనకు ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం పడితే రెండు మూడు రోజులు వదలదు. ఏటి ఒడ్డు నడకకు బదులు కాలేజీ హాల్లోనే గంటన్నర సాగే ఏర్పాటు ఒకటి చేతిలో ఉంచుకోండి. మీ విద్యార్థుల పద్యాలో హరికథో, పక్కనే పెనం మీద వేడి దోసెలు. వర్షం వచ్చిందని ఆ సాయంత్రాన్ని రద్దు చేస్తే అందరూ గదుల్లో ఒంటరిగా కూర్చుంటారు.

ఆదివారానికి వద్దాం. షార్ ఎందుకు వద్దన్నామంటే, సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం లోపలికి ముందస్తు అనుమతి లేకుండా వెళ్లలేరు. విదేశీయులుంటే ఆ అనుమతి ఇంకా కష్టం. ప్రయోగం చూసే గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ప్రయోగం తేదీలేమో మారుతుంటాయి. కార్యక్రమ పత్రంలో షార్ అని అచ్చువేసి, చివర్లో లేదంటే మాట పోతుంది. ఉదయగిరి గొప్ప కోట. గజపతుల నుంచి కృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్నది. చరిత్ర శాఖ సదస్సైతే ఒక రోజంతా దానికే కేటాయించమని చెప్పేవాళ్లం. సుమారు 100 కిలోమీటర్ల దారి, పైన కొండ ఎక్కాలి. మధ్యాహ్నం రైలు ఉన్నవాళ్లతో కుదరదు. పెంచలకోనకూ దూరమే అడ్డు.

మీ అతిథుల రైళ్లు, విమానాలు చూసి రెండు గుంపులు చేయండి. సాయంత్రం చెన్నైలో విమానం ఎక్కేవాళ్లు ఒక గుంపు. వాళ్లను సామాన్లతో సహా ఉదయం 6 గంటలకు నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లండి. దొరవారిసత్రం దగ్గర జాతీయ రహదారి నుంచి కాస్త లోపలికి ఉంటుంది, గంటన్నర ప్రయాణం. గూడబాతులు నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టేది ఈ కాలంలోనే. అక్కడి నుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట వెళ్లే దారి పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. దారి పక్కనే ఫ్లెమింగోలు మేస్తుంటాయి. లోపలికి వెళ్లే పనిలేదు, ఆ దారి మీద కాసేపు ఆగితే చాలు. ఎండ ముదిరితే పక్షులు దూరం జరుగుతాయి, నీటి మీద మెరుపుకు ఏమీ కనిపించదు. అందుకే 10 లోపు ముగించాలి. తెల్లటి, మెరిసే బట్టలు వద్దనండి. జంతుశాస్త్రం శాఖలో బైనాక్యులర్లుంటే నాలుగు అడిగి తెచ్చుకోండి. సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ రైళ్లున్నాయి. వాటిలో వెళ్లేవాళ్లను స్టేషన్లో దింపి బస్సు వెనక్కి రావచ్చు. చెన్నై దాకా కారు పెట్టే ఖర్చు తప్పుతుంది.

మిగిలినవాళ్లను మైపాడు తీసుకెళ్లండి. ఊరి నుంచి 25 కిలోమీటర్లే. మన తీరంలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది కాబట్టి చూడాల్సింది ఉదయం. డిసెంబర్‌లో 6:20 ప్రాంతంలో పొడుస్తుంది. 5:15కు బస్సు కదలాలి. ఆదివారం సాయంత్రం జనం, బండ్లు, దుమ్ము. ఉదయం చేపల పడవలు, వలలు లాగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. స్నానానికి మాత్రం దిగనివ్వకండి. ఈ కాలంలో సముద్రం ఉధృతంగా ఉంటుంది. ఒడ్డు దగ్గరే కాళ్ల కింద ఇసుకను లాగేసే సుడి వస్తుంది. ఈత బాగా వచ్చినవాళ్లను కూడా లోపలికి లాక్కెళ్లిన సందర్భాలు ఈ తీరంలో చాలా ఉన్నాయి. చీలమండ దాటి నీళ్లలోకి వెళ్లకూడదని బస్సులోనే చెప్పండి. దిగగానే ఒకసారి, ఎక్కగానే ఒకసారి తలలు లెక్కపెట్టండి. మరుగుదొడ్ల అవసరం బసలోనే తీర్చుకుని రమ్మనండి. ఫ్లాస్కుల్లో టీ, బిస్కెట్లు మీతో తీసుకెళ్లండి.

వచ్చేటప్పుడు పల్లిపాడులో ఆగండి. పెన్న ఒడ్డున ఉన్న పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921లో గాంధీజీ ప్రారంభించారు. ఇది చాలామంది నెల్లూరు వాళ్లే చూడని చోటు. బయటి నుంచి వచ్చిన అధ్యాపకులు గంట కూర్చున్నా లేవబుద్ధి కాదంటారు. ఆశ్రమం వాళ్లకు రెండు రోజుల ముందు కబురు పెట్టండి. 9:30కల్లా వెనక్కి వచ్చి టిఫిన్ తినవచ్చు.

వాహనం మాట్లాడేటప్పుడు కిలోమీటరుకింతా, రోజుకింతా, డ్రైవర్ బేటా ఎంత, టోల్ ఎవరిది, ఇవన్నీ రాయించుకోండి. 25 మందికి 50 సీట్ల బస్సు వద్దు. రెండు టెంపో ట్రావెలర్లు మాట్లాడితే పల్లె దారుల్లో సులువుగా తిరుగుతాయి, ఒకటి చెడినా రెండోది ఉంటుంది.

జ్ఞాపికలకు అద్దాల ఫ్రేములు, ప్లాస్టిక్ బొమ్మలు కొనకండి. బరువు, పగలడం, చివరికి హోటల్ గదిలో వదిలేసి పోవడం. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఇవ్వండి. చేత్తో చెక్కినవి, తేలిక, ఏ దేశం వాళ్లకైనా వంటింట్లో పనికొస్తాయి. అన్నీ ఒకేసారి దొరకవు కాబట్టి నెల ముందు ఆర్డరివ్వాలి. సబ్బునీళ్లలో నానబెట్టకూడదు, అప్పుడప్పుడు కాస్త నూనె రాయాలి అని చిన్న చీటీ జతచేయండి. ఆవకాయ ఇవ్వాలనుకుంటే సీల్ చేసిన ప్యాకెట్లే ఇవ్వండి, చేతి సంచిలో కాకుండా పెద్ద సామానులో పెట్టుకోమనండి. విమానాశ్రయం తనిఖీలో చేతి సంచిలోంచి తీయించేస్తారు.

ఇది చదివి ఒంగోలులో సదస్సు పెట్టుకునేవాళ్లు అడగవచ్చు. అక్కడా ఇదే లెక్క. మైపాడుకు బదులు కొత్తపట్నం బీచి, అదీ ఉదయాన్నే. ఊళ్లకు కట్టివ్వడానికి అల్లూరయ్య మైసూర్‌పాక్ ఉంది, ప్రయాణానికి ఆగుతుంది. నెల్లూరులో మొహర్రం రోజుల్లో సదస్సు పెట్టుకునేవాళ్లు మాత్రం తేదీ ఖాయం చేసేముందు రొట్టెల పండుగ ఎప్పుడో చూసుకోవాలి. బారాషహీద్ దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, ఊళ్లో ఒక్క గది దొరకదు.

చివరగా స్టేషన్ సంగతి. నెల్లూరులో చాలా రైళ్లు ఒకటి రెండు నిమిషాలే ఆగుతాయి. ఆదివారం వెళ్లేవాళ్ల పేరు, రైలు, బోగీ నంబరు ఒక కాగితం మీద రాసి, రైలుకొక విద్యార్థిని స్టేషన్లో పెట్టండి. బోగీ ఎక్కడ ఆగుతుందో ముందే కనుక్కుని అతిథిని అక్కడే నిలబెట్టాలి. పెద్దవాళ్ల పెట్టె ముందు ఎక్కించి, తర్వాత వాళ్లను ఎక్కించాలి. రాత్రి రైళ్ల వాళ్లకు పెరుగన్నం, చపాతీ పొట్లాలు కట్టించండి. పులుసు వద్దు, బోగీలో ఒలికితే కడగడానికి నీళ్లుండవు.